నాలుగు కాసుల వాచీ

మా వైపు బంగారాన్ని కాసుల్లో కొలుస్తారు, చేపల్ని టన్నుల్లో కొలుస్తారు, పెళ్లి ముహూర్తాన్ని నిమిషాల్లో కొలుస్తారు. ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల ఈ మూడు లెక్కలూ వచ్చినవాడికి నాలుగోది రాకపోయినా రోజులు వెళ్లిపోతాయి. మా తాతగారి చేతివాచీకి ఈ మూడు లెక్కలతోనూ చుట్టరికం ఉంది. అందుకే దాని సంగతి తేలడానికి రెండు తరాలు పట్టింది.

మా ఇంట్లో దాన్ని వాచీ అనేవారు కాదు. నాన్నది వాచీ. బాబాయిది వాచీ. హాల్లో మేకుకి వేలాడేది గడియారం. తాతగారిది మాత్రం "బంగారు వాచీ". తాతగారు పోయాక అది బీరువా లాకర్లో, మామ్మ నానుతాడు పక్కన, దూది పరిచిన విభూతి డబ్బాలో ఉండేది. సంక్రాంతికి అందరం చేరినప్పుడు బయటికి తీసేవారు. మామ్మ దాన్ని కుంకుడుకాయ రసంలో ముంచి, పాత పళ్లబ్రష్షుతో తోమి, పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టేది. గాజులకీ గొలుసులకీ ఏ మర్యాద చేసేదో దీనికీ అదే. నగకి లోపల యంత్రం ఉండదనీ, దీనికి ఉంటుందనీ ఆవిడతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కీ మాత్రం ఇవ్వనిచ్చేది కాదు. "కీ ఇస్తే అరిగిపోద్దిరా" అనేది.

మామ్మ కూడా వెళ్లిపోయాక పంపకాలకి కూర్చున్నాం. పొలం, చెరువులు ఒక పూటలో తేలిపోయాయి. చెరువుకి సర్వే నంబరు ఉంటుంది, లీజు కాగితం ఉంటుంది. వాచీకి అవేమీ లేవు. "నాన్నగారి పేరు పెట్టుకున్నవాడికే అది చెందాలి" అని పెదనాన్న తీర్పు చెప్పారు. ఆ పేరు గలవాణ్ణి నేనే. పెదనాన్నకి ఇద్దరూ ఆడపిల్లలే కావడంతో ఆయన ధర్మబుద్ధికి ఇంట్లో అడ్డొచ్చేవాళ్లు లేకపోయారు. మా మేనత్త మాత్రం కొంగు బిగించింది.

"పేరు నీకు పెట్టారు, కాదన్ను. కాసులు ఎవరికి పెట్టారో అది తేల్చండి ముందు."

"ఎన్ని కాసులుంటదంటావే?" అని బాబాయి ఆశగా అడిగాడు.

"చేత్తో పట్టుకుంటే తెలియట్లా? మూడుకి తగ్గదు."

పైగా దాంట్లో పదిహేడు రాళ్లు ఉన్నాయని అత్త వాదన. వాచీతో వచ్చిన గ్యారంటీ కాగితం ఎప్పుడో చెదలు తినేసింది గానీ, దాని మీద "17 జ్యువెల్స్" అని రాసి ఉన్న సంగతి మాత్రం ఏ చెదపురుగూ తినలేకపోయింది. నలుగురు వారసులకి తలా నాలుగు రాళ్లు పోగా మిగిలిన ఒక్కటీ దేవుడి హుండీలో వెయ్యాలన్న ఒప్పందం నా చిన్నప్పుడే అయిపోయింది.

ఇక ఆ వాచీ ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదానికి మా ఇంట్లో ఎవరి పురాణం వాళ్లది.

పెదనాన్నది రంగూన్ పురాణం. తాతగారి మేనమామ ఒకాయన రంగూన్‌లో ధాన్యం మిల్లు గుమాస్తా. 1941 డిసెంబరులో జపాను వాళ్లు బాంబులు వెయ్యడం మొదలెట్టాక, లక్షల మందితో పాటు ఆయనా కొండలూ అడవులూ పట్టి కాలినడకన బయల్దేరాడు. ఉన్నదంతా దారిలో పోయింది, మొలతాడుకి కట్టుకున్న వాచీ ఒక్కటే మిగిలింది. అంతవరకూ బాగానే ఉండేది. నేను హైస్కూలుకొచ్చేసరికి ఆ మేనమామకి ఏనుగు ఎదురైంది. ఇంటర్మీడియట్‌కి పులి వచ్చింది. నా పెళ్లయ్యాక కొత్త కోడలి గౌరవార్థం ఆ పులి వాచీ టిక్కుటిక్కు విని వెనక్కి తగ్గింది.

బాబాయిది స్మగ్లింగు పురాణం. ఆయన కృష్ణగారి సినిమాలు మొదటాట వదలకుండా చూసిన తరం. మద్రాసు, బర్మా బజారు, అర్ధరాత్రి, టార్చిలైటు. ఇందులో సినిమా కానిది ఒకే ఒక్క ముక్క ఉంది. 1962 కస్టమ్స్ చట్టంలో 123వ సెక్షను అని ఒకటుంది. దొంగతనంగా దేశంలోకి తెచ్చిన సరుకన్న అనుమానంతో అధికారులు పట్టుకుంటే, కాదని రుజువు చేసుకోవలసిన బరువు సరుకు గలవాడిదే అంటుంది అది. ఆ నియమం ఏయే వస్తువులకి వర్తిస్తుందో పేరుపెట్టి చెబుతూ బంగారాన్నీ వాచీలనీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టారు. తాతగారి మణికట్టు మీద ఆ రెండూ ఒక్కటై ఉన్నాయి. దానికి తోడు 1968లో గోల్డ్ కంట్రోల్ చట్టం వచ్చింది. దాంతో ఆయన వాచీని ధాన్యం పురిలో దాచేశారు. ఆ ధాన్యం అమ్మినప్పుడు వాచీ కూడా బస్తాలోకెక్కి మిల్లుకి ప్రయాణమైతే, పంచె ఎగ్గట్టి సైకిలు మీద వెంటబడి తెచ్చుకున్నారట. ఇది నమ్ముతాను. మా తాతగారి ఏ పనైనా అలాగే ఉండేది.

అత్తది అలక పురాణం. ఇది కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. 1963 జనవరిలో మొరార్జీ దేశాయిగారు ఆర్థికమంత్రిగా ఉండగా బంగారం మీద నియంత్రణ పెట్టారు. కొత్తగా చేసే నగ ఏదైనా పద్నాలుగు క్యారెట్లకి మించకూడదన్నారు. ఆ ఆంక్ష 1966 దాకా నడిచింది. కంసాలులు కుంపట్లు ఆర్పేసి వేరే పనుల్లోకి పోయిన రోజులవి. సరిగ్గా ఆ మధ్యలో, 1965 ఎండాకాలంలో, అత్త పెళ్లి. మావయ్య అలకపాన్పు ఎక్కారు. అల్లుడి అలక తీర్చాలంటే ఉంగరమో గొలుసో పెట్టాలి. పద్నాలుగు క్యారెట్ల ఉంగరం పెడితే వియ్యాలవారు ముఖం మీదే నవ్వుతారు. అందుకని తాతగారు తెలివిగా బంగారు వాచీ తెప్పించారట. మావయ్యగారి అన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వాచీ ఎందుకండీ, స్కూటరు ఇప్పించండి" అన్నారు. తాతగారు స్కూటరుకి డబ్బు కట్టి పేరు రాయించి, "అది వచ్చేదాకా ఇది నా దగ్గరుంటుంది" అని వాచీ తన చేతికి పెట్టుకున్నారు. ఆ చేతినుంచి అది మళ్లీ దిగలేదు.

"కాబట్టి న్యాయంగా ఆ వాచీ మాది" అనేది అత్త. మావయ్య ఈ కథ వినబడ్డప్పుడల్లా పేపరు అడ్డం పెట్టుకునేవారు.

వాచీ చేతికొచ్చాక నేను చదువు మొదలెట్టాను. ఇలాంటి విషయాల్లో స్విస్ వాళ్లు మనకన్నా పద్ధతైన మనుషులు. అసలు బంగారంతో చేసిన వాచీ కేసుల మీద 1880ల నుంచీ ప్రభుత్వ ముద్ర వేయిస్తున్నారు. పద్దెనిమిది క్యారెట్లయితే హెల్వెషియా అనే వాళ్ల దేశమాత తల, పద్నాలుగు క్యారెట్లయితే ఉడుత. పక్కన 0.750 గానీ 0.585 గానీ అంకె ఉంటుంది. 1995 నుంచి ఈ బొమ్మల స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. పంచాంగం చూడ్డానికి పెదనాన్న వాడే భూతద్దం తెచ్చి, వీధి అరుగు మీద ఎండలో కూర్చుని వాచీ చుట్టూ వెతకడం మొదలెట్టాను.

"ఏం వెతుకుతున్నావురా?" అంది అత్త.

"ఉడుత, అత్తా."

అత్త లోపలికెళ్లి మా ఆవిడతో రహస్యంగా ఏదో మాట్లాడింది. ఆ మధ్యాహ్నం నాకు అడక్కుండానే మజ్జిగ వచ్చింది.

ఉడుత కనపడలేదు. దేశమాతా కనపడలేదు. మామ్మ పళ్లబ్రష్షుకి అరిగిపోయి ఉంటాయని బాబాయి సర్ది చెప్పాడు.

అసలు బంగారు వాచీకి ఆనవాలు ఎంత బలంగా ఉండచ్చో రాజేంద్రప్రసాద్ గారి వాచీ చెబుతుంది. మన మొదటి రాష్ట్రపతికి ఒక బంగారు రోలెక్స్ ఉండేది. డయలు మీద భారతదేశ పటం, గణతంత్రం వచ్చిన 1950 జనవరి 26 తేదీ. ఆయన పోయిన మరుసటేడు, 1964లో, పాట్నాలో దాన్ని దొంగలెత్తుకుపోయారు. 2011లో జెనీవాలో సోథెబీస్ వాళ్ల వేలం జాబితాలో తేలింది. మన ప్రభుత్వం అడ్డుపడితే అమ్మకం ఆగిపోయింది. డయలు మీద దేశాన్నే గీయించుకున్న వాచీ కూడా నలభయ్యేడేళ్లు మాయమైందంటే, ఏ బొమ్మా లేని మా వాచీ విభూతి డబ్బాలో క్షేమంగా ఉండటం మామ్మ గొప్పతనమే.

భీమవరంలో మా ఇంటి నగలు చేసే ఆచారిగారి దగ్గరికి వెళ్లాం. మేమంటే నేను, అత్త, అత్త మీద నమ్మకం లేక బాబాయి, బండి నడపడానికి మావయ్య. ఆచారిగారు బెల్టు ఊడదీసి వాచీని కాటాలో పెట్టారు. ముప్పై రెండు గ్రాములు.

"నాలుగు కాసులు!" అంది అత్త. "మూడంటే మూడనుకున్నా."

"అమ్మా, అద్దం కూడా తూగిందండి. లోపల చక్రాలూ తూగేయండి" అన్నారు ఆచారిగారు. అత్త వినిపించుకోలేదు.

ఆయన వాచీని తిప్పి తిప్పి 916 ముద్ర కోసం చూశారు. వాచీ కేసుకి ఇరవై రెండు క్యారెట్లు వాడరనీ, మెత్తగా ఉండి సొట్టలు పడిపోతుందనీ, స్విస్ వాళ్లది పద్దెనిమిదో పద్నాలుగో ఉంటుందనీ నా కొత్త చదువు వినిపించాను. ఆయన ఓర్పుగా విని గీటురాయి తీశారు.

"గీటు పెట్టమంటారా? నిజం తెలుస్తదండి గానీ, ఓ పక్క గీత పడిపోద్దండి."

"పెట్టండి" అంది అత్త. "వద్దండి" అన్నాను నేను. మావయ్య బయటికెళ్లి టీ చెప్పొచ్చారు.

ఈలోపు ఆచారిగారు బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర గోటితో గీకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఇక్కడ చిలుము పట్టిందేంటండి?"

కొట్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. బంగారానికి చిలుము పట్టదని మా ఇంట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"అది పసుపండి. పండక్కి రాస్తాం" అంది అత్త.

"పచ్చగా ఉందండి మరి."

"పసుపు పచ్చగా ఉండక ఎర్రగా ఉంటదా?"

ఆచారిగారికి మా అత్త కొత్త కాదు. వీధి చివర క్యారెట్లు చూసే మెషిను వచ్చిందనీ, అక్కడైతే గీత పడకుండా తేలుతుందనీ చెప్పి బతికి బయటపడ్డారు. మెషిను దగ్గరికి వెళ్లాం. వాచీని ఒక పెట్టెలో పెట్టి మూత వేశారు. కొంచెంసేపటికి తెర మీద అంకె పడింది. బంగారం డెబ్బై అయిదు శాతం.

తర్వాత జరిగింది రాస్తే ఎక్కువవుతుంది. అత్త అక్కడికక్కడే సెల్‌ఫోనులో నాలుగు కాసుల్ని ఆనాటి రేటుతో హెచ్చవేసింది. ఉండి చేరేలోపు కబురు డల్లాస్‌లో ఉన్న పెదనాన్న అల్లుడి దాకా వెళ్లింది. అక్కడ అర్ధరాత్రి అయినా ఆయన వీడియోలో కనపడి, "ఎవరికీ ఇవ్వకండి, ఇక్కడ యాంటిక్ అంటే ప్రాణం పెడతారు" అన్నాడు. అంతకుముందు వరకూ ఆయనకి ఆ వాచీ ఉన్నట్టు కూడా తెలియదు.

నాకెందుకో ఆ చిలుము మనసులోంచి పోలేదు. ఆ మెషిను ఎక్స్‌రేలు వేసి చూస్తుంది. అయితే వాటి చూపు పైపొర దాకానే. పూత మందంగా ఉంటే కిందనున్న లోహం దానికి కనపడదు. అంటే అది చెప్పింది అబద్ధం కాదు, అబద్ధం చెప్పేటంత లోతుకి అది వెళ్లనేలేదు. వాచీ సంగతి వాచీ మెకానిక్కే చెప్పాలి. ఏలూరులో పాత స్విస్ వాచీలు చూసే ముసలాయన ఒకాయన ఉన్నాడని తాడేపల్లిగూడెంలో నా ఆఫీసు స్నేహితుడు చెప్పాడు. మళ్లీ అదే బండి, అదే జనం. కైకలూరు మీదుగా కొల్లేరు దాటుతుంటే గూడకొంగలు కనపడ్డాయి. మావయ్య బండి ఆపి చూద్దామన్నారు. "నాలుగు కాసుల బంగారం ఒళ్లో పెట్టుకుని నడి కొల్లేట్లో ఆపుతారా?" అని అత్త మందలించింది.

మెకానిక్కుగారి కొట్టు ఒక మేడమెట్ల కింద ఉంది. ఆయన, ఆయన బల్ల, ఒక స్టూలు. అంతే పడుతుంది. స్టూలు మీద అత్త కూర్చుంది. మిగతావాళ్లం రోడ్డు మీద నిలబడి లోపలికి తల పెట్టాం. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, ముందు డయలు కాదు, బెల్టు తీసి కొమ్ముల మధ్య చూశాడు. ఆ సందులో మా వంశంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఆయ్. ఇదిగోండి, రాసే ఉందండి. ఇరవై మైక్రాన్లు."

"అంటే?" అంది అత్త.

"బంగారం పూతండి. ఇరవై మైక్రాన్ల మందం. మంచి పూతేనండి, ఇప్పుడెవరూ ఇంత మందం వెయ్యట్లేదండి. కింద ఇత్తడండి."

"చిలకలపూడి నగా ఇది?" అని అత్త గొంతు పెరిగింది.

"ఆ పద్ధతేనండి. స్విట్జర్లాండు చిలకలపూడి అనుకోండి."

తర్వాత వాచీని తిరగేసి, అరిగిపోయిన అక్షరాల మీద వేలితో రాసి చదివాడు. స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్. ఆ అక్షరాలు దాని వీపు మీద మొదటి రోజు నుంచీ ఉన్నాయి. బంగారు వాచీ అని పేరుపడ్డదాని వీపు మీద స్టీలు అని రాసి ఉంటే, అది పూత వాచీ అనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. మూత చెమటకి పాడవకుండా స్టీలుతో చేసి, పైకి కనపడే చట్రానికి మాత్రం పూత పూసేవారు. పాత స్విస్ వాచీలు ఎన్నో ఇలాంటివే. అత్త ఎనిమిదో తరగతి దాకా చదివింది. "స్టీలు అని ఉండటం నేనూ చూశాలే, నమ్మలా" అంది.

ఆయన మూత తీశాడు. ఇంత దూరం వచ్చింది ఈ క్షణం కోసమేనని అప్పుడు తెలిసింది నాకు. పైనంత గొడవ జరుగుతుంటే లోపల ఇంత శుభ్రమైన పనితనం ఉందా అనిపించింది. పలకల మీద సన్నటి గీతలు. ఒక్కో చక్రం ఇరుసు చివర కుంకుమ రంగు చుక్క.

"అవేనా రాళ్లు?" అంది అత్త, స్టూలు మీంచి లేచి.

"అవేనండి. పదిహేడండి. కెంపులేనండి గానీ కొలిమిలో పుట్టినవండి."

అది నిజం. 1902లో వెర్నోయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కృత్రిమ కెంపు తయారుచేసే పద్ధతి లోకానికి చెప్పాడు. అప్పట్నుంచీ వాచీల్లో రాయి ఖరీదైన మాట కాకుండా పోయింది. ఇరుసు లోహం మీద లోహం రాసుకుంటే అరిగిపోతుంది. కెంపు గట్టిది, నునుపైంది, దాని గుంటలో ఒక చుక్క నూనె నిలుస్తుంది. చేత్తో కీ ఇచ్చే వాచీకి పదిహేడుంటే రాళ్లు పెట్టాల్సిన ముఖ్యమైన చోట్లన్నిటా పెట్టినట్టే. ఆవగింజలో సగం లేని ఆ చుక్కల్ని నలుగురికీ పంచాలంటే పంచేవాడికీ కంటికి భూతద్దం కావాలి. హుండీ దేవుడు ఈ నష్టాన్ని ఎలా తీసుకున్నాడో తెలియదు.

"పేరు ఫేవర్ లూబా అండి. సీ చీఫ్. ఇక్కడ చూడండి, స్ప్రింగు డబ్బాలు రెండున్నాయండి పక్కపక్కనే. ట్విన్ పవర్ అనేవారండి."

నా చదువు ఇక్కడ పనికొచ్చింది. ఫేవర్ లూబా 1737 నాటి స్విస్ కంపెనీ. 1865లోనే బొంబాయి చేరి, స్విస్ వాచీని మన దేశానికి అలవాటు చేసిన తొలివాళ్లలో ఒకటైంది. బెంగళూరులో హెచ్‌ఎంటీ వాళ్లు 1961లో జపాను సిటిజన్ కంపెనీతో కలిసి వాచీలు మొదలెట్టేదాకా మన పెళ్లికొడుకుల చేతుల మీద ఇలాంటి విదేశీ పేర్లే ఉండేవి. ఆ ఫేవర్ లూబాని 2011లో మన టాటా వారి టైటానే కొనేసింది, తర్వాత మళ్లీ అమ్మేసింది. ఇక ఈ రెండు డబ్బాల యంత్రం ఫేవర్ లూబా తెచ్చింది 1962లో.

1962 అనగానే పెదనాన్న పురాణం కూలిపోయింది. 1942లో కొండలెక్కిన మేనమామ మొలతాడుకి 1962 నాటి యంత్రం ఉండే వీల్లేదు. ఏనుగు, పులి, రెండూ వృథాగా వచ్చి వెళ్లాయి.

మెకానిక్కుగారు మూత లోపలివైపు దీపం కింద వంచి చూపించాడు. సూదిమొనతో గీసిన చిన్నచిన్న అక్షరాలు, అంకెలు. వాచీ విప్పి శుభ్రం చేసిన ప్రతి మెకానిక్కూ తన గుర్తు, తేదీ అలా గీసి పెట్టుకుంటాడట. మళ్లీ వస్తే తను చేసిందో కాదో తెలియడానికి. అన్నిటికన్నా పాతది 1968. తర్వాత రెండు మూడేళ్లకొకటి చొప్పున వరసగా ఉన్నాయి. "నా వాచీ పుట్టినప్పట్నుంచీ మూత తీసింది లేదు" అని తాతగారు అరుగు మీద చెప్పుకున్న మాటకి ఇవన్నీ సాక్షి సంతకాలు.

1962 తర్వాత తయారైంది, 1968కి ముందు కొన్నది. అంటే అత్త చెప్పిన 1965 సరిగ్గా మధ్యలో కూర్చుంది. పద్నాలుగు క్యారెట్ల రోజులు, అలకపాన్పు, అన్నీ సరిపోయాయి. ఇంటిల్లిపాదిలో నోటిలెక్కగా చెప్పిన అత్త పురాణమే నిలిచింది.

"చెప్పానా? ఆ వాచీ మాది" అంది అత్త. న్యాయంగా చూస్తే ఆ క్షణంలో ఇచ్చెయ్యాల్సిందే.

"బంగారం ఎంతుంటదండి మొత్తం మీద?" అని బాబాయి అడిగాడు. చేపల చెరువు ఉన్నవాడికి లెక్క కట్టకుండా నిద్రపట్టదు. చట్రం పైనా లోపలా కలిపి పది చదరపు సెంటీమీటర్లు వేశాం. ఇరవై మైక్రాన్లంటే సెంటీమీటరులో అయిదు వందలో వంతు. రెండూ హెచ్చవేస్తే 0.02 ఘన సెంటీమీటర్లు. ఆ రకం బంగారం ఘన సెంటీమీటరుకి పదహారు గ్రాములు వేసుకున్నా 0.32 గ్రాము. కాటాలో తూగింది ముప్పై రెండు గ్రాములు. సరిగ్గా నూరో వంతు. కాసులో ఇరవై అయిదో వంతు.

అత్త ఆ కాగితం వంక చాలాసేపు చూసింది.

"నాకెందుకురా ఈ వయసులో? నాన్నగారి పేరు పెట్టుకున్నావు, నువ్వే పెట్టుకో" అంది.

ఇన్నేళ్లకి మావయ్య నోరు విప్పారు. "ఆ స్కూటరు వచ్చేసరికి మా పెద్దాడు బళ్లో చేరేడండి" అన్నారు మెకానిక్కుగారితో. ఆయన తల ఊపాడు. ఆ రోజుల్లో స్కూటరుకి పేరు రాయించుకున్నవాడే ఆ ఊపుడు ఊపగలడు.

ఇంకో రెండు సంగతులు లోపల దొరికాయి. డయలు అంచున తెల్లటి మరక ఉంది. "ఈ వాచీకి ఎవరో తలంటు పోసేరండి" అన్నాడాయన. ఎవరూ మామ్మ పేరు చెప్పలేదు. రెండోది, వేగం సర్దే చిన్న మీట. దాన్ని ఫాస్టు వైపు చివరికంటా తోసేసి ఉంది. రోజుకి అయిదారు నిమిషాలు ముందుకి పరిగెత్తి ఉంటుందన్నాడు. ఇది విన్నాక నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. తాతగారు రోజూ పొద్దున్న ఏడు గంటల ఢిల్లీ వార్తలకి టైము సరిచేసుకునేవారు. మా వీధిలో ఎవరింట పెళ్లైనా పురోహితుడు శుభలేఖలో ముహూర్తం కన్నా ముందు తాతగారి చేతికేసి చూసేవాడు. రాత్రి 2 గంటల 43 నిమిషాలకి ముహూర్తమంటే, రేడియో విన్నాక పంతొమ్మిది గంటలు గడిచిన ఆ వాచీ ప్రకారం జీలకర్రాబెల్లం 2-39కే పడిపోయి ఉంటుంది. తాతగారు ఆ వాచీ పెట్టుకుని పెద్దరికం చేసిన పెళ్లిళ్లు లెక్కలేనన్ని. అందులో బాబాయిది కూడా ఒకటి.

"అదన్నమాట సంగతి" అన్నాడు బాబాయి, ఇన్నాళ్ల తన సంసారమంతా ఒక్కసారి కళ్లముందు తిరిగినవాడై. ఆ మాట పిన్నికి చేరకుండా చూసే బాధ్యత అందరం తీసుకున్నాం. మా వైపు అందరం తీసుకున్న బాధ్యత ఎలా ముగుస్తుందో పిన్నికి తెలుసు.

మెకానిక్కుగారు సర్వీసు చెయ్యడానికి వాచీ ఉంచుకున్నాడు. వచ్చేముందు నేను డయలుకి కొత్త రంగు వేయిద్దామా, చట్రానికి మళ్లీ పూత పెట్టిద్దామా అని అడిగాను. ఆయన మొదటిసారి విసుక్కున్నాడు. పాత వాచీల డయళ్లకి మెరిసే రంగులు పూసి అమ్మే వ్యాపారం బొంబాయిలో పెద్ద ఎత్తున జరుగుతుంది. కొనేవాడు కొత్తగా ఉందని మురిసిపోతాడు, తెలిసినవాడు ముట్టుకోడు. అసలు డయలు ఎంత మచ్చపడినా దాని విలువ దానిది, ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. చట్రం మెరుగు పెడితే ఉన్న ఇరవై మైక్రాన్లూ కూడా పోతాయి. "మీ తాతగారు అరగదీసింది అలాగే ఉంచండి" అన్నాడు.

అది అలాగే ఉంది. పాలమీగడ రంగుకి తిరిగిన డయలు, అంకెల బదులు నిలబెట్టిన సన్నటి బంగారు కడ్డీలు, మొన తేలిన ముళ్లు. ఎడమవైపు పై కొమ్ము దగ్గర పూత పూర్తిగా పోయి ఇత్తడి కనిపిస్తుంది. చొక్కా కఫ్ రాసుకునే చోటు అది. కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుంటే సెకనుకి అయిదు టిక్కులు. గంటకి పద్దెనిమిది వేలు. ఇప్పుడు రోజుకి ఒక నిమిషం లోపు తేడాతో నడుస్తోంది. మా ఊళ్లో ఇంతకన్నా కచ్చితంగా నడిచేవి వడ్డీలు తప్ప ఇంకేం లేవు. అమ్మితే కొన్ని వేలు వస్తాయట. డల్లాస్ అల్లుడికి ఆ మాట చెప్పాక ఇంకా ఫోను రాలేదు.

మీ బీరువాలో కూడా ఒక బంగారు వాచీ ఉంటే నాదొక మనవి. కుంకుడు రసం పొయ్యకండి. ఏళ్ల తరబడి ఆగిపోయినదానికి ముచ్చటపడి కీ ఇవ్వకండి, లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, రాళ్లున్నా ఇరుసులు అరుగుతాయి. ముందు బెల్టు ఊడదీసి కొమ్ముల మధ్య చూడండి, తర్వాత వీపు మీద ఉన్నది చదవండి, ఉడుత కనపడితే మాత్రం నెమ్మదిగా తలుపేసుకోండి. కంసాలి దగ్గరికి వెళ్లేముందు ఒక పాత వాచీ మెకానిక్కుకి చూపించండి. అలాంటివాళ్లు ఏలూరులోనూ భీమవరంలోనూ మేడమెట్ల కింద ఇంకా కొద్దిమంది ఉన్నారు. వాళ్ల దగ్గర ఇప్పుడు పని నేర్చుకునే కుర్రాళ్లు లేరు, కాబట్టి వెళ్లేదేదో త్వరగా వెళ్లండి.